కార్చిచ్చుపై విమానములు

ఖాండవ దహన వృత్తాంతము మనమందరము ఎరిగినదే. అగ్నిదేవుడు ఖాండవ వనమును కబళింప మొదలిడగా, ఇంద్రుడు తన మిత్రుడైన తక్షకుని కాపాడుటకై ఆకాశము నుండి వాన కురిపించెను. ఆ వాన నేలను చేరకయే మంటల వేడికి నడుమనే ఆవిరియై పోయినదని భారతము చెప్పుచున్నది. పిమ్మట కుంభవృష్టి కురియగా అర్జునుడు బాణములతో కప్పు కట్టి దానిని నిలిపివేసినాడట. ఈ కథలోని దైవాంశమును పక్కకు పెట్టి చూచినను, ఇందులో ఒక లౌకిక సత్యము మిగిలియున్నది. అడవి అంటుకొన్నప్పుడు పై నుండి నీరు పోసినంత మాత్రమున మంట ఆరదు. ఆ నీరు మంటను చేరవలెను; చేరవలసిన చోట చేరవలెను; చేరవలసిన వేళకు చేరవలెను. ఇరువదవ శతాబ్దిలో మానవుడు విమానములను ఎక్కి ఇంద్రుని పనిని తాను చేయబూనినప్పుడు నేర్చిన పాఠములలో పెక్కు ఈ మూడు మాటలలో ఇమిడియున్నవి. వానిని అతడు ఎట్లు నేర్చెనో, వానికై ఏమి వెల ఇచ్చెనో ఈ ప్రసంగములో ముచ్చటించుకొందము.

మొదట కార్చిచ్చు స్వభావమును కొంత తెలిసికొనవలెను. మంట నిలుచుటకు మూడు వస్తువులు కావలెను: కాలుటకు కట్టె, ఊపిరికి గాలి, రాజుకొనుటకు వేడి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని తొలగించినను మంట చచ్చును. ఇంటిలో నిప్పు పడినప్పుడు నీరు చల్లి వేడిని తీసివేయుదుము. మైళ్ల కొలది వ్యాపించిన అడవిలో అంత నీరు ఎక్కడిది? అందువలన అటవీ రక్షకులు అనాది నుండి మూడవ మార్గమును పట్టిరి. మంట రాబోవు దారిలో పొదలు నరికి, ఎండుటాకులు ఊడ్చి, గడ్డి చెక్కి, మట్టి కనబడునట్లు ఒక బాట తీయుదురు. దీనిని అగ్నిరేఖ అందురు. మంట అక్కడికి వచ్చి తినుటకు ఏమియు దొరకక ఆగిపోవును. గొడ్డలి, పార, గునపము, కొమ్మల చీపురు, ఇవియే ఆ యుద్ధములో ఆయుధములు.

ఈ పద్ధతికి ఒకటే శత్రువు, అది కాలము. మంట ఎక్కడ పుట్టినదో తెలియవలెను. అక్కడికి మనుష్యులు నడచి పోవలెను. పోవునప్పటికి అది ఇంకను చిన్నదై ఉండవలెను. అమెరికాలో 1910వ సంవత్సరము ఆగస్టు 20, 21 తేదీలలో ఇడాహో, మోంటానా ప్రాంతపు కొండలలో అక్కడక్కడ కాలుచున్న వందల కొలది చిన్న మంటలను ఒక పెనుగాలి ఒక్కటిగా కలిపివేసినది. రెండు దినములలో సుమారు 30 లక్షల ఎకరముల అడవి దగ్ధమైపోయినది. ఎనుబదిమందికి పైగా మరణించిరి; వారిలో అత్యధికులు మంటలను ఆర్పుటకు పోయిన కూలీలే. ఆ దేశపు అటవీ శాఖ ఈ దెబ్బను మరువలేదు. మంటను చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకొనవలెనను పట్టుదల ఆ నాటి నుండి వారి నరములలో జీర్ణించుకొనిపోయినది.

ఇట్టి స్థితిలో విమానము వచ్చినది. మొదట అది చేతిగా రాలేదు, కన్నుగా వచ్చినది. ప్రథమ ప్రపంచ సంగ్రామము ముగిసిన తరువాత, సైన్యము వద్ద విమానములును వైమానికులును పని లేక ఉన్న సమయమున, 1919 జూన్ నెలలో కాలిఫోర్నియాలోని మార్చ్ ఫీల్డ్ నుండి అడవులపై గస్తీ ప్రారంభమైనది. శిక్షణకు వాడిన కర్టిస్ జెన్నీ అను రెండు రెక్కల విమానములు ఆ పనికి నియోగింపబడినవి. పొగ కనబడినంతనే ఆ వార్తను నేలకు చేర్చుట ఎట్లు? వైర్‌లెస్ యంత్రములు అప్పటికి శైశవ దశలో ఉండెను. కొందరు వైమానికులు పావురములను వెంట తీసికొని పోయి, చీటి కట్టి వదలిరి. మరికొందరు సందేశమును చిన్న పారాచూటుకు కట్టి జారవిడిచిరి. మన పురాణ కవులు హంసలను, మేఘములను దూతలుగా పంపిరి. ఇరువదవ శతాబ్దపు వైమానికుడును పక్షి సాయమునే కోరవలసి వచ్చినది.

కెనడాలోని అంటారియో రాష్ట్రము 1924లో తన స్వంత వైమానిక సేవను ఏర్పరచుకొన్నది. అక్కడ సరస్సులు లెక్కకు మిక్కిలి. యుద్ధములో మిగిలిపోయిన నీటి విమానములను కొని, వానిపై మనుష్యులను, పంపులను తీసికొని పోయి మంటకు దగ్గరనున్న సరస్సులో దిగుట వారి పద్ధతి. రష్యాలో 1931లో అడవుల వైమానిక రక్షణకు ప్రయోగములు మొదలైనవి. ఈ విధముగా విమానము కన్ను అయినది, బండి అయినది. కాని నీరు పోయు చేయి కాలేదు.

ఆ ప్రయత్నము జరుగలేదని కాదు. 1930లో ఫోర్డ్ ట్రైమోటార్ విమానము నుండి నీరు నింపిన కొయ్య పీపాను జారవిడిచి చూచిరి. 1935లో అమెరికా అటవీ శాఖ ఇందుకై ప్రత్యేక ప్రయోగ విభాగమునే నెలకొల్పినది. డబ్బాలలోను, సంచులలోను నీటిని, రసాయనములను నింపి బాంబులవలె వేసి చూచిరి. ఫలితము నిరాశాజనకముగా ఉండెను. పాత్ర గురి తప్పి పడెడిది. గురి తప్పక పడినను నీరంతయు ఒక్కచోట గుమ్మరింపబడి చుట్టుప్రక్కల మంట యథాతథముగా ఉండెడిది. క్రింద పని చేయు కూలీల నెత్తిపై పీపా పడు ప్రమాదము సరేసరి. ద్వితీయ ప్రపంచ సంగ్రామము తరువాత, 1947లో, బి-29 వంటి బాంబరు విమానములతో నీటి బాంబులను ప్రయోగించిరి. అదియు ఆచరణకు రాలేదు. బాంబు పగులుటకు పుట్టినది, తడుపుటకు పుట్టలేదు అను సంగతి అప్పటికి ఎవ్వరికిని తట్టలేదు.

ఈలోగా ప్రయోగశాఖ వారు తమ ధనమును, దృష్టిని మరియొక వైపు మరల్చిరి. నీటిని క్రిందికి వేయలేకపోయినను మనుష్యులను వేయవచ్చును గదా! 1939లో పారాచూటుతో అడవిలోనికి దుముకు ప్రయోగములు జరిగినవి. 1940 జులై 12వ తేదీన ఇడాహోలోని నెజ్ పర్స్ అడవిలో రూఫస్ రాబిన్సన్, ఎర్ల్ కూలీ అను ఇరువురు మొట్టమొదట నిజమైన మంట దగ్గర దుమికిరి. రష్యాలో ఇట్టి ప్రయత్నములు అంతకు కొన్ని వత్సరములు ముందే జరిగియుండెను. 1945లో జపాను వారు పసిఫిక్ సముద్రము మీదుగా నిప్పు బాంబులు కట్టిన కాగితపు బుడగలను అమెరికా మీదికి పంపగా, 555వ పారాచూటు దళమునకు చెందిన నీగ్రో జాతి సైనికులు, తమకు యుద్ధభూమిలో చోటు దొరకకున్నను, ఆ పడమటి అడవులలో ఆ యేడు వేయికి పైగా దుముకులు దుమికి మంటలతో పోరాడిరి.

అడవి నడుమకు గంటలలో పోగలుగుట గొప్ప సిద్ధియే. కాని త్వరగా పోవుట వేరు, క్షేమముగా ఉండుట వేరు. 1949 ఆగస్టు 5వ తేదీన మోంటానాలోని మాన్ గల్చ్ అను లోయలో పదునైదుమంది దుమికిరి. వారి వైర్‌లెస్ యంత్రమును మోసిన పారాచూటు విచ్చుకొనక ఆ యంత్రము నేలబడి ముక్కలైనది. మంట లోయను దాటి వారికి క్రిందుగా వచ్చి, ఎండుగడ్డి గల నిటారు కొండ చరియపై వారిని తరిమినది. మంట ఎగువకు ప్రాకునప్పుడు మనిషి కంటె వేగముగా ప్రాకును. నేల మీద వారిని కలిసికొన్న అటవీ రక్షకునితో కలిపి పదుమువ్వురు ఆహుతియైరి. ముగ్గురు మాత్రము బ్రతికిరి. దళ నాయకుడైన వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, అది కాలిన బూడిదలో బోర్ల పరుండి ప్రాణము దక్కించుకొనెను. విమానము మనిషిని మంట వద్దకు చేర్చగలదు గాని, అక్కడ అతనికి తోడుగా నిలువలేకున్నదని ఆ దినము స్పష్టమైనది.

నాలుగేండ్లకు మరియొక ఘోరము జరిగినది. 1953 జులైలో కాలిఫోర్నియాలోని మెండొసీనో అడవిలో రాటిల్‌స్నేక్ అని పేరు పడిన మంట రాత్రివేళ గాలి మారి కొండ దిగి వచ్చి పదునైదుమందిని బలిగొన్నది. చనిపోయినవారిలో పదునలుగురు ఒక క్రైస్తవ ప్రచారక సంఘమునకు చెందిన స్వచ్ఛంద సేవకులు. ఆ అడవికి అగ్నిరక్షణాధికారిగా ఉన్న జోసెఫ్ ఈలీ ఇక ఏదేని మార్గము కనుగొనక తప్పదని నిశ్చయించుకొనెను.

సరిగా ఆ సంవత్సరమే మరియొక చోట ఒక సూచన దొరికినది. డగ్లస్ సంస్థ వారు డి.సి.-7 అను తమ క్రొత్త ప్రయాణీకుల విమానమును పరీక్షించుచు, బరువు కొరకు ప్రయాణీకులకు బదులు నీటిని నింపిరి. పరీక్ష ముగిసిన పిదప ఆ నీటిని గాలిలోనుండి వదలగా, నేలపై పొడవైన తడిపట్టె ఏర్పడినది. ఇన్నాళ్లు పాత్రతో సహా నీటిని వేసి విఫలులైన వారికి, పాత్ర లేకుండ నీటినే వదలినచో అది వానవలె పరచుకొని పడునని తెలిసినది. 1954లో పెండిల్టన్ సైనిక శిబిరములో ఫైర్‌స్టాప్ అను పేర జరిగిన విస్తృత ప్రయోగములలో నౌకాదళపు పాత టార్పెడో విమానము నొకదానిని ఈ రీతిగా పరీక్షించిరి. ఫలితము ఆశాజనకముగా ఉండెను. కాని అంత పెద్ద విమానములను కొని, మార్చి, నడుపు స్తోమత ఒక జిల్లా అధికారికి ఎక్కడిది?

ఈలీ తన ఊరివైపే చూచెను. విలోస్ అను చిన్న పట్టణములో వరిచేలపై విత్తనములు, మందులు చల్లు విమానముల వారు ఉండిరి. వారు చెట్ల కొనలను తాకునంత తక్కువ ఎత్తులో ఎగురుట నిత్యకృత్యముగా గలవారు. మీరు నీటిని వేయగలరా అని అడుగగా, నోల్టా కుటుంబమునకు చెందిన ఫ్లాయిడ్ నోల్టా తన స్టియర్‌మన్ విమానపు పొట్టలో రంధ్రము కోసి, కీలు గల తలుపు అమర్చి, ఒక త్రాడు లాగినచో నీరంతయు ఒక్కసారిగా దిగునట్లు చేసెను. ఆ తొట్టిలో పట్టినది 170 గ్యాలనులు మాత్రమే. మన లెక్కలో సుమారు 640 లీటర్లు. 1955 ఆగస్టు 13వ తేదీన మెండొసీనో అడవిలోని మెండెన్‌హాల్ మంటపై వాన్స్ నోల్టా ఆ నీటిని వదలెను. ఆకాశము నుండి పాత్ర లేక వదలిన నీరు కార్చిచ్చుపై పనికి వచ్చిన మొదటి సందర్భముగా దీనిని చెప్పుదురు. మరుసటి యేడు అట్టి విమానములు ఏడు కలిసి ఒక దళమైనవి. రాజధానులలో వేసిన పెద్ద ప్రణాళికలు ఇరువదియేండ్లు తడబడగా, పల్లెపట్టున ఒక అటవీ అధికారియు కొందరు చేల వైమానికులును ఒక త్రాటితో, ఒక తలుపుతో దారి తీసిరి.

అయినను ఖాండవములో ఇంద్రునికి ఎదురైన చిక్కు వీరికిని ఎదురు కాక తప్పలేదు. ఎత్తు నుండి పడు నీరు గాలికి చెదరి, వేడికి ఆవిరియై, నేల చేరునప్పటికి సగమగుచుండెను. చేరినదియు కొద్దిసేపటిలో ఆరిపోవుచుండెను. అందుచే నీటిని చిక్కబరచుటకు, దానికి నిలుకడ కల్పించుటకు రసాయనములను వెదకిరి. 1956లో బోరేటు లవణమును కలిపి వాడిరి. అది చక్కగా పని చేసినది గాని, పడిన నేలలో మొక్క మొలవకుండ చేయుట చేత దానిని విడువవలసి వచ్చినది. అడవిని కాపాడుటకు తెచ్చిన మందు అడవినే గొడ్డువోచినచో ఏమి లాభము? పిమ్మట బెంటొనైటు అను బంకమన్ను వాడిరి. 1960 తరువాత అమ్మోనియా లవణములు స్థిరపడినవి. ఇవి మన రైతులకు ఎరువులుగా పరిచితమైన ఫాస్ఫేటు, సల్ఫేటు జాతివి. నీరు ఆరిపోయినను ఈ లవణము ఆకుపై, కట్టెపై పొరగా నిలిచి, వేడి తగిలినప్పుడు మంటకు ఆహారమగు వాయువులు పుట్టకుండ కట్టెను బొగ్గుగా మార్చును. ఎక్కడ వేసితిమో పైనున్నవారికి కనబడుటకై దానికి ఎరుపు రంగు కలుపుదురు. కొండల మీద విమానము వెనుక ఎర్రని తెరవలె జారుచు మనకు చిత్రములలో కనబడునది ఇదియే. అమ్మోనియా చేపలకు విషప్రాయము గనుక, ప్రాణాపాయము వంటి మినహాయింపులు తప్ప, నీటి వనరులకు 300 అడుగుల లోపల దీనిని వేయరాదని అమెరికా అటవీ శాఖ కట్టడి చేసినది.

ఇక్కడ శ్రోతలు గమనింపదగిన ముఖ్య విషయ మొకటి కలదు. ఈ ఎర్రని ద్రవమును సాధారణముగా మంట మీద వేయరు. మంటకు ముందు వేయుదురు. అనగా విమానము చేయునది కూలీ గొడ్డలితో చేయు పనియే. అది ఆకాశము నుండి గీచిన అగ్నిరేఖ. మంటపై నేరుగా వేయుటకు మంచినీరు చాలును, కాని ఆ నీటిని మాటిమాటికి, వెంటవెంటనే వేయవలెను.

ఆ రెండవ పద్ధతిలో కెనడా వారు సిద్ధహస్తులు. నీటిపై వాలకుండగనే, సరస్సు మీదుగా ఉరుకుచు నీటిని తోడుకొని మరల లేచు విద్యను వారు అభ్యసించిరి. అమెరికా నౌకాదళము వదలివేసిన మార్స్ అను నాలుగు మహాకాయ నీటి విమానములను 1959లో బ్రిటిష్ కొలంబియా కలప వ్యాపారులు కొని ట్యాంకరులుగా మార్చిరి. రెక్కల పొడవు 200 అడుగులు. ఒక్క మారు మోయు నీరు సుమారు 27,000 లీటర్లు. వానిలో ఒకటి 1961లో మంటపై పోయి కూలగా నలుగురు మరణించిరి; మరియొకటి 1962 తుపానులో నేల మీదనే నాశనమైనది. మిగిలిన రెండును దశాబ్దముల తరబడి సేవ చేసి, 2024, 2025 సంవత్సరములలో మ్యూజియములకు చేరినవి. కార్చిచ్చు కొరకే ప్రత్యేకముగా రూపొందిన సి.ఎల్.-215 అను విమానము 1967 అక్టోబరు 23న మొదట ఎగిరినది. అది సరస్సుపై ఉరుకుచు పది, పండ్రెండు సెకండ్లలో అయిదు వేల లీటర్లకు పైగా నింపుకొనును. సరస్సు దగ్గరనున్నచో గంటలో అనేక పర్యాయములు మంటపైకి వచ్చును. ఫ్రాన్సు మొదలైన మధ్యధరా దేశములు దీనిని, దీని తరువాతి రూపమైన సి.ఎల్.-415ను ఆదరించిరి.

హెలికాప్టరు కార్చిచ్చు పనిలో 1947 నుండి ఉన్నది. దాని క్రింద త్రాటికి బొక్కెన వ్రేలాడదీసి, ఏ చెరువులోనో, ఏ కుంటలోనో ముంచి తెచ్చుట తరువాత వచ్చినది. 1980 తరువాత కెనడాలో తయారైన, మడిచి పెట్టదగిన బాంబీ బొక్కెన ప్రపంచమంతట వ్యాపించినది. విమానమునకు రన్‌వే కావలెను, లేదా విశాలమైన సరస్సు కావలెను. బొక్కెనకు లోతైన నీటిగుంట చాలును. అది మెల్లగా వచ్చి, గురి చూచి, ఒక్క చెట్టు మొదట నీరు పోయగలదు. వేగము తక్కువ, మోత తక్కువ. కాని చేతికందిన చెంబువంటి సౌలభ్యము దానిది.

తరువాతి చరిత్ర పెద్దవానిని ఇంకను పెద్దవి చేయు చరిత్ర. 2006లో డి.సి.-10 జెట్ విమానము కాలిఫోర్నియాలో పనిలోనికి వచ్చినది. ఇప్పుడు అది మోయునది 35,000 లీటర్లకు పైమాటయే. బోయింగ్ 747ను మార్చి సుమారు 72,000 లీటర్లు మోయునట్లు చేసిరి. కాని దానిని నడుపుట గిట్టుబాటు కాక 2021లో ఆ సేవ నిలిచిపోయినది. బరువు పెరిగిన కొలది పొడవైన రేఖ గీయవచ్చును, నిజమే. కాని పెద్ద విమానము దూరపు విమానాశ్రయమునకు పోయి నింపుకొని రావలెను. ఆ లోపల మంట రేఖను చుట్టివచ్చును.

ఈ చరిత్రలో మరుగుపడిన అధ్యాయ మొకటి కలదు. ట్యాంకరులలో చాల భాగము సైన్యము వదలివేసిన పాత విమానములు. కొండల మధ్య సుడిగాలులలో, 150 అడుగుల ఎత్తున, నిండు బరువుతో పోయి, ఒక్క క్షణములో టన్నుల కొలది బరువు విడిచి పైకి లేచుట రెక్కలకు ఎంత శ్రమయో ఊహింపవచ్చును. ఆ విమానములు అట్టి పనికి పుట్టినవి కావు. 2002 జూన్ 17న కాలిఫోర్నియాలోని వాకర్ వద్ద సి-130 విమానపు రెండు రెక్కలును గాలిలోనే విరిగి ముగ్గురు మరణించిరి. సుమారు నెల దినములకు, జులై 18న, కొలరాడోలో ద్వితీయ ప్రపంచ యుద్ధకాలపు ప్రైవటీర్ విమానము రెక్క విరిగి ఇరువురు మరణించిరి. లోహములో ఏండ్ల తరబడి పాకిన బీటలే ఈ రెండింటికిని కారణము. విచారణ సంఘములు కూర్చున్నవి. 2004లో అమెరికా ప్రభుత్వము 33 పెద్ద ట్యాంకరుల కాంట్రాక్టులను ఒక్కపెట్టున రద్దు చేసినది. ఆ తరువాతనే జెట్ విమానముల తరము వచ్చినది. అయినను ప్రమాదము పోలేదు. 2020 జనవరి 23న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సులో సి-130 ట్యాంకరు కూలి ముగ్గురు అమెరికను వైమానికులు చనిపోయిరి. ఆ దినమున గాలి తీవ్రత చూచి ఒక మార్గదర్శక విమానపు పైలట్ తాను ఆ పనికి పోజాలనని అంతకు ముందే చెప్పియుండెను.

ఇన్ని ప్రాణములు, ఇంత ధనము వెచ్చించి మానవుడు చేయుచున్న ఈ పని ఫలించుచున్నదా? ఈ ప్రశ్నను చాలకాలము ఎవ్వరును గట్టిగా అడుగలేదు. విమానము వచ్చి ఎర్రని తెర పరచినంతనే జనులకు ధైర్యము కలుగును, అధికారులకు ఏదో చేసితిమను తృప్తి కలుగును. కాని కంటికి ఇంపైనదెల్ల పనికి వచ్చునది కాదు. అమెరికా అటవీ శాఖ 2012లో ప్రారంభించి, మంటల వద్దకు పరిశీలకులను పంపి, ఏ విమానము వేసిన నీరు ఏ పని చేసినదో నమోదు చేయించి, 2020లో ఆ నివేదికను ప్రకటించినది. అనుభవజ్ఞులు చిరకాలముగా చెప్పుచున్న మాటలను కూడ దీనితో చేర్చి చూచినచో, మాకు నాలుగు సూత్రములు ముఖ్యముగా తోచుచున్నవి.

మొదటిది, తొలి గడియ. గోటితో పోవుదానికి గొడ్డలి ఎందుకని మనవారందురు. ఎకరమంత మంటపై ఒక చిన్న విమానము వేసిన మూడు వేల లీటర్లు, వేయి ఎకరముల మంటపై మహా విమానము వేసిన డెబ్బది వేల లీటర్ల కంటె ఎక్కువ విలువైనవి. కావున ఎంత పెద్ద విమానము కలదను దాని కంటె, ఎంత దగ్గరలో, ఎంత సిద్ధముగా ఉన్నదనునదే ప్రధానము. మంట పుట్టిన పిదప విమానమునకై లేఖలు వ్రాయుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది.

రెండవది, నేల మీది మనిషి. విమానము మంటను ఆర్పదు. అణచును, నిలుపును, కొంత గడువు ఇచ్చును. ఆ గడువులో క్రిందనున్నవారు వచ్చి రేఖ తీసి, మొద్దులలో దాగిన నిప్పును వెదకి చల్లార్చనిచో, అది మరునాడు తిరిగి లేచును. మనుష్యులు చేరలేని చోట పోసిన నీరు, వచ్చి వెళ్లిన చుట్టము వంటిది.

మూడవది, గాలి. గాలి హెచ్చినచో ద్రవము చెదరిపోవును. నిప్పు కణికలు రేఖ మీదుగా ఎగిరి ఆవల పడును. కొంత హద్దు దాటిన తరువాత విమానమే ఎగురజాలదు. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ నగరపు పాలిసేడ్స్ ప్రాంతములో మంట లేచినప్పుడు, ప్రపంచములో ఎక్కడను లేనంత వైమానిక బలము ఆ రాష్ట్రమునకు ఉండియు, శాంటా ఆనా అను కొండగాలి విజృంభించుట చేత ఆ రాత్రి విమానములు నేల మీదనే నిలువవలసి వచ్చినది. అత్యవసరమైన ఘడియలో అవి లేవు. మరి రెండు దినములకు, కెనడా నుండి వచ్చిన సి.ఎల్.-415 ఒకటి, ఎవరో వినోదమునకై ఎగురవేసిన డ్రోను తగిలి రెక్కకు రంధ్రము పడి పని మానవలసి వచ్చినది.

నాలుగవది, క్రమము. ఒకే పొగలో పది విమానములు, హెలికాప్టరులు తిరుగునప్పుడు పైనుండి ఒకరు అందరిని నడిపింపవలెను. ముందుగా చిన్న విమానము పోయి దారి చూపును. దాని వెనుక ట్యాంకరు వచ్చును. క్రింది నాయకునితో మాటలు ఎడతెగక సాగుచుండును. ఈ సంభాషణ తెగినచో ఎంత నీరున్నను వృథా.

ఇక మన దేశపు సంగతి. 2014 మార్చిలో శేషాచలము కొండలలో మంటలు లేచి తిరుమల పరిసరములకు ప్రాకినప్పుడు వాయుసేన హెలికాప్టరులను రప్పించిరి. 2016లో ఉత్తరాఖండమున వాయుసేనకు చెందిన ఎం.ఐ.-17 హెలికాప్టరులు భీమతాల్ సరస్సు నుండి బొక్కెనలతో నీరు తెచ్చి పోసినవి. దట్టమైన పొగ వానికి అడ్డు తగిలినది. 2024లో నైనితాల్ ప్రాంతమున మరల అదే దృశ్యము. ఇట్టి సందర్భములలో ఆ సాయము అమూల్యమైనదే. కాని కెనడా కార్చిచ్చు వేరు, నల్లమల కార్చిచ్చు వేరు. అక్కడ మంట చెట్ల కొనలపై పరుగెత్తును. మన ఆకు రాల్చు అడవులలో ఫిబ్రవరి మొదలు జూన్ వరకు నేలపై పడిన ఎండుటాకు, గడ్డి కాలును. మంట మోకాలి ఎత్తో, నడుమెత్తో ఉండును. దానిని పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పువారు మన అటవీ ఉద్యోగులు, చెంచులు, కొండ గ్రామముల వారు. మన మంటలకు కారణమును హెచ్చుగా మనుష్యులే. ఇప్పపువ్వు ఏరుటకు నేల శుభ్రపరచుటకో, తునికాకు చిగుళ్లు బాగుగా వచ్చుననియో, ఆర్పక పారవేసిన బీడీ వలననో నిప్పు పుట్టుచున్నది.

కావున మనకు ఆకాశము నుండి మొట్టమొదట కావలసినది కన్ను. 1919లో జెన్నీ విమానము చేసిన ఆ పనిని ఇప్పుడు ఉపగ్రహములు చేయుచున్నవి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము షాద్‌నగర్ వద్ద ఉపగ్రహ సమాచారమును అందుకొనుచున్నది. డెహ్రాడూనులోని అటవీ సర్వే సంస్థ మంట కనబడిన చోటును రాష్ట్రములకు తెలుపుచున్నది. పావురము కాలికి కట్టిన చీటి నేడు బీటు అధికారి చేతిలోని ఫోనునకు వచ్చుచున్నది. కాని ఆ వార్త అందుకొన్నవాడు నడచి పోవలసినదే. అతనికి చెప్పులు, నీటి సీసా, జీపు, సకాలమున జీతము, వేసవికి ముందే తీసిన అగ్నిరేఖలు ఉన్నవా అనునది విమానముల ధరల పట్టిక కంటె ముందు అడుగవలసిన ప్రశ్న.

చివరి మాటగా మరియొక సంగతి మనవి చేసెదము. 1910 నాటి భయము చేత అమెరికా వారు 1935 నుండి, కనబడిన ప్రతి మంటను మరునాడు ఉదయము పది గంటల లోపల అదుపులోనికి తేవలెనను నియమమును పాటించిరి. విమానములు వచ్చి ఆ నియమమునకు బలము చేకూర్చినవి. ఫలితముగా, పూర్వము చిన్న మంటలలో కాలిపోవుచుండిన చెత్తయు, పొదయు దశాబ్దముల తరబడి అడవిలో ప్రోగుపడినవి. పిమ్మట లేచిన మంటలు విమానములకును లొంగనంతటివైనవి. అందుచే ఇప్పుడు అక్కడివారు, పూర్వము అక్కడి ఆదివాసులు చేసినట్లే, చల్లని రోజులలో తామే కొంచెము కొంచెముగా నిప్పు పెట్టి చెత్తను తగ్గించుచున్నారు. ఆకాశము నుండి పోయు నీటికి ఫలము దక్కవలెనన్నచో, ముందుగా నేల మీది కట్టెను తగ్గింపవలెను. నూరేండ్ల పైచిలుకు ప్రయత్నములో వైమానికులును అటవీ రక్షకులును కలిసి తేల్చిన లెక్క ఇది. మన అడవులకు విమానములు కొనదలచిన నాడు, ఈ లెక్కను ముందు పెట్టుకొని కొనినచో మేలు.